పది తీగల ఇనుప పెట్టె

మీ ఇంట్లో అటక మీద పాత వాల్వు రేడియో ఏదైనా ఉందా? ఉంటే పెద్దవాళ్ళ నడిగి దించి, దాని వెనక అట్ట విప్పి చూడండి. ప్లగ్గు మాత్రం గోడకు కాకుండా మీ చేతిలో ఉండాలి సుమా! లోపల గాజు బుడ్ల లాంటి వాల్వులు వరుసగా నిలబడి ఉంటాయి. అందరి కళ్ళూ ముందు వాటి మీదికే పోతాయి. కానీ ఒక మూలన నల్లగా, చతురస్రంగా, ఏ అందమూ లేని ఇనుప పెట్టె ఒకటి కూర్చుని ఉంటుంది చూడండి. రేడియో బరువులో చాలా భాగం దానిదే. దాని కింది నుంచి రంగురంగుల తీగలు బయటికి వస్తుంటాయి. అదే పవర్ ట్రాన్స్‌ఫార్మరు.

వాల్వుల కాలం పోయిందని మనం అనుకుంటాం. నిజానికి పోలేదు. పాట వినడానికి వాల్వు ఆంప్లిఫయరే కావాలనే వాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు. స్లొవేకియా, రష్యా, చైనా దేశాల్లో ఆడియో వాల్వులు ఈనాటికీ తయారవుతున్నాయి. ఒకప్పుడు మన దేశంలో బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారం కూడా వీటిని తయారుచేసింది. ఇంట్లో కూర్చుని సొంతంగా వాల్వు ఆంప్లిఫయరు కట్టుకునే వాళ్ళకు మొదట ఎదురయ్యే పరీక్ష ఈ ఇనుప పెట్టే. పది తీగల్లో ఏది ఎక్కడికి పోవాలి? ఒక్కటి తప్పితే పెట్టె కాలిపోవచ్చు. చెయ్యి తగిలితే మనిషికే ప్రమాదం రావచ్చు. అందుకని ఈ నెల ఆ పది తీగల సంగతి తెలుసుకుందాం.

వాల్వుకు ఏం కావాలి?

సైకిలు ట్యూబుకు ఉండే వాల్వు గాలిని లోపలికి పోనిస్తుంది గాని బయటికి రానివ్వదు. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ తయారుచేసిన గాజు బుడ్డి కూడా విద్యుత్తును ఒకే దిక్కుకు పోనిచ్చింది. అందుకే దానికి వాల్వు అనే పేరు వచ్చింది. లోపల గాలి లేకుండా తీసేసిన ఇలాంటి వాల్వు బుడ్డిలో ఒక లోహపు గొట్టాన్ని ఎర్రగా కాలిస్తే దాని నుంచి ఎలక్ట్రాన్లు వెలువడతాయి. ఆ గొట్టం పేరు కాథోడ్. ఎదురుగా ఉన్న ప్లేటుకు ధన వోల్టేజి ఇస్తే ఎలక్ట్రాన్లు అటు దూకుతాయి. ప్లేటుకు ఋణ వోల్టేజి ఇస్తే దూకవు. రెండు సంవత్సరాల తరువాత అమెరికాలో డి ఫారెస్ట్ ఆ రెంటి మధ్య సన్నని తీగల జల్లెడ ఒకటి పెట్టాడు. జల్లెడ మీద చిన్న వోల్టేజి మారితే ప్లేటుకు పోయే పెద్ద ప్రవాహం దానికి తగ్గట్టు పెరిగి తగ్గుతుంది. చిన్న ధ్వని సంకేతం పెద్దదయ్యేది ఇలాగే.

కాబట్టి వాల్వుకు రెండు రకాల ఆకలి. ఒకటి కాథోడ్‌ను కాల్చే హీటరుకు తక్కువ వోల్టేజి, ఎక్కువ కరెంటు. రెండోది ప్లేటుకు ఎక్కువ వోల్టేజి, తక్కువ కరెంటు. ఉదాహరణకు మనం కట్టదలచిన చిన్న ఆంప్లిఫయరులో ఒక ఇ.సి.సి. 83 వాల్వు, ఒక ఇ.ఎల్. 84 వాల్వు ఉన్నాయనుకుందాం. మొదటిదాని హీటరుకు 6.3 వోల్టుల దగ్గర 0.3 ఆంపియరు కావాలి. రెండోదానికి అదే వోల్టేజి దగ్గర 0.76 ఆంపియరు కావాలి. ఈ 6.3 అనే వింత సంఖ్య ఎక్కడిదని మీరడగవచ్చు. పాతకాలపు కారు బ్యాటరీలో మూడు సీసపు సెల్లులుండేవి. ఒక్కొక్కటి నిండుగా ఛార్జి అయినప్పుడు దాదాపు 2.1 వోల్టులిస్తుంది. మూడు కలిపితే 6.3! కారు రేడియోకు పనికొచ్చేలా హీటర్లను తయారుచేశారు. కార్లు మారినా సంఖ్య అలాగే నిలిచిపోయింది.

ఇక ప్లేట్ల సంగతి. ఇ.ఎల్. 84కు 250 వోల్టుల దగ్గర 50 మిల్లీఆంపియర్ల పైచిలుకు కావాలి. ఇ.సి.సి. 83కు ఒకటి రెండు మిల్లీఆంపియర్లు చాలు. మొత్తం 55 అనుకోండి. అయితే ఇక్కడో చిక్కుంది. హీటరుకు ఏకాంతర విద్యుత్తు ఇచ్చినా ఫరవాలేదు, వేడెక్కడమే దాని పని. ప్లేటుకు మాత్రం ఏకముఖ విద్యుత్తే కావాలి. మన గోడ ప్లగ్గులో వచ్చేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. అది సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దాన్ని ఒకే దిక్కుకు తిప్పడానికి మరో వాల్వు, అంటే రెక్టిఫయరు పెట్టాలి. 5 వై 3 అనే రెక్టిఫయరు ఉందనుకోండి, దాని ఫిలమెంటుకు 5 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు కావాలి.

ఒక్క ప్లగ్గు నుంచి 6.3, 5, 250 వోల్టులు మూడూ రావాలన్నమాట.

రెండు చుట్టల మధ్య ఇనుము

1831 ఆగస్టు 29న మైకేల్ ఫారడే ఒక మెత్తని ఇనుప వలయానికి రెండు పక్కలా రెండు తీగచుట్టలు చుట్టాడు. ఒక చుట్టను బ్యాటరీకి తగిలించినప్పుడు, రెండో చుట్ట దగ్గరున్న అయస్కాంత సూచి ఒక్కసారి కదిలి ఊరుకుంది. బ్యాటరీ తీసేసినప్పుడు మళ్ళీ కదిలింది, ఈసారి ఎదురు దిక్కుకు. మధ్యలో కరెంటు నిలకడగా పోతున్నంతసేపూ ఏమీ లేదు. ఇనుములోని అయస్కాంత అభివాహం మారుతున్నప్పుడే రెండో చుట్టలో వోల్టేజి పుడుతుంది. దీన్నే విద్యుదయస్కాంత ప్రేరణ అంటాం. 1885లో బుడాపెస్టు నగరంలోని గాంజ్ కర్మాగారపు ఇంజనీర్లు జిపర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ అనే ముగ్గురు మూసిన ఇనుప కోరుతో ట్రాన్స్‌ఫార్మర్లు తయారుచేశారు. మన పెట్టె ఆ కుటుంబానిదే.

మెయిన్సుకు తగిలించే చుట్ట ప్రైమరీ. మనకు కావలసిన వోల్టేజిని ఇచ్చే చుట్టలు సెకండరీలు. అన్నీ ఒకే ఇనుప కోరు మీద ఉంటాయి కనుక ఒక్కొక్క చుట్టులో పుట్టే వోల్టేజి అన్నిటిలోనూ ఒకటే. ఇదే మొత్తం రహస్యం.

మన కోరు మధ్య కాలు 3 సెంటీమీటర్లు పొడవు, 3 సెంటీమీటర్లు వెడల్పు ఉందనుకోండి. అంటే 9 చదరపు సెంటీమీటర్లు. ఇనుము భరించగల అయస్కాంత సాంద్రత ఒక టెస్లా అని తీసుకుందాం. చుట్టుకు వచ్చే వోల్టేజి కావాలంటే 4.44ను 50తోనూ, సాంద్రతతోనూ, చదరపు మీటర్లలో వైశాల్యంతోనూ గుణించాలి. చేసి చూడండి. 0.2 వోల్టు వస్తుంది. ఒక వోల్టుకు 5 చుట్లన్నమాట. ఇక లెక్క మూడో తరగతి పిల్లలు కూడా చేస్తారు. ప్రైమరీకి 1150 చుట్లు. 5 వోల్టులకు 25 చుట్లు. 6.3 వోల్టులకు 32 చుట్లు చాలు. 250 వోల్టులకు 1250 చుట్లు కావాలి, అవి కూడా రెండుసార్లు కావాలి. ఎందుకో తరువాత చెబుతాను. తీగలో కొంత వోల్టేజి పోతుంది గనుక చుట్టేవాళ్ళు సెకండరీలకు నూటికి ఐదు చుట్లు అదనంగా వేస్తారు.

ఒక చుట్టుకు సగటున 18 సెంటీమీటర్ల తీగ పడుతుందనుకుంటే, ఆ 2500 చుట్లకు 450 మీటర్ల తీగ! దాదాపు అర కిలోమీటరు రాగి తీగ, వెంట్రుక కంటే కాస్త లావుగా ఉండేది, గుప్పెడు చోటులో ఒదిగి కూర్చుంది. అదే 6.3 వోల్టుల చుట్టయితే ఆరు మీటర్లు కూడా ఉండదు, కానీ ఒక ఆంపియరు మోయాలి కనుక తీగ లావుగా ఉంటుంది. ఈ తేడా ఇప్పుడే గుర్తుపెట్టుకోండి, తీగలను పోల్చుకోవడానికి మనకు పనికొస్తుంది.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక ప్రశ్న వేస్తాడు. ప్రైమరీ తీగ నిరోధం 40 ఓమ్‌లే అయితే 230 వోల్టులు పెట్టినప్పుడు ఓమ్ నియమం ప్రకారం దాదాపు 6 ఆంపియర్లు పోవాలి గదా, వెయ్యి వాట్లకు పైగా వేడి పుట్టి కాలిపోదేం? ఏకముఖ విద్యుత్తయితే కాలిపోతుంది. ఫ్యూజు లేకపోతే మన కళ్ళ ముందే పొగ వస్తుంది. ఏకాంతర విద్యుత్తు విషయంలో మాత్రం ఇనుములో ఊగే అభివాహం ప్రైమరీలోనే ఎదురు వోల్టేజిని పుట్టిస్తుంది. అది మెయిన్సుకు దాదాపు సమానంగా ఎదురు నిలబడుతుంది. సెకండరీలు ఖాళీగా ఉన్నప్పుడు పోయేది కొద్ది మిల్లీఆంపియర్లే. ఈ ఎదురు వోల్టేజియే పెట్టెకు కాపలాదారు. ఏదైనా తప్పు చేసి దాన్ని పోగొట్టామో, మిగిలేది 40 ఓమ్‌ల రాగి మాత్రమే. ఈ మాటతో మళ్ళీ పని పడుతుంది.

మధ్య తీగ, వేరు చుట్ట

హైటెన్షను చుట్టను 250-0-250 అని రాస్తారు. చుట్ట రెండు చివరలూ రెండు తీగలు, సరిగ్గా మధ్య నుంచి ఒక తీగ. మధ్య తీగను ఛాసిస్‌కు, అంటే ఆంప్లిఫయరు కట్టిన లోహపు పలకకు కలుపుతాం. చివరలు రెండూ రెక్టిఫయరులో ఉన్న రెండు ప్లేట్లకు పోతాయి. పై చివర ధనాత్మకంగా ఉన్నప్పుడు దాని ప్లేటు పని చేస్తుంది, కింది ప్లేటు ఊరుకుంటుంది. మరుక్షణం దిక్కు మారగానే కింది ప్లేటు అందుకుంటుంది. ఒకే రోట్లో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి రోకళ్ళతో దంచడం చూశారా? ఒక రోకలి లేస్తుంటే ఇంకొకటి పడుతుంది. ఇదీ అంతే. సెకనుకు 50 ఊపుల నుంచి 100 దెబ్బలు, అన్నీ ఒకే దిక్కుకు. అందుకే 250 వోల్టుల చుట్ట రెండుసార్లు కావలసి వచ్చింది.

ఇక 5 వోల్టులకు వేరే చుట్ట ఎందుకు? 6.3 నుంచే కాస్త తగ్గించి వాడుకోకూడదా? 5 వై 3 వాల్వులో ఫిలమెంటే కాథోడ్. వేడెక్కే తీగా, ఎలక్ట్రాన్లనిచ్చే తీగా ఒకటే. ఏకముఖ విద్యుత్తు బయటికి వచ్చేది కూడా ఆ ఫిలమెంటు నుంచే. అంటే ఈ 5 వోల్టుల చుట్ట రెండు చివరల మధ్య తేడా 5 వోల్టులే అయినా, ఛాసిస్‌తో పోల్చితే రెండూ 300 వోల్టుల ఎత్తున ఉంటాయి! బాల్చీలో అడుగు లోతు నీళ్ళున్నాయి సరే, ఆ బాల్చీ తాడిచెట్టు మీద వేలాడుతోందన్నమాట. ఛాసిస్ దగ్గర ఉండే 6.3 వోల్టుల చుట్టను దీనితో కలిపితే హైటెన్షను తిన్నగా నేలకు పోతుంది. ఇది ఐదు వోల్టుల తీగే గదా అని ముట్టుకున్నవాడి గతి చెప్పనక్కరలేదు. ట్రాన్స్‌ఫార్మరు తీగల్లో మనిషిని మోసం చేసే తీగ ఏదంటే నేను దీన్నే చూపిస్తాను.

ఆ వాల్వు సాకెట్టులో ఫిలమెంటు 2, 8 పిన్నులకు వస్తుంది, ప్లేట్లు 4, 6 పిన్నులకు వస్తాయి. హైటెన్షనును 8వ పిన్ను నుంచి తీసుకుని కెపాసిటరుకు ఇస్తారు.

ఏ తీగ ఏది?

ఇప్పుడు పది తీగలూ లెక్కపెట్టండి. ప్రైమరీకి రెండు, హైటెన్షనుకు మూడు, 5 వోల్టులకు రెండు, 6.3కు మధ్య తీగతో కలిపి మూడు. అమెరికాలో రేడియో తయారీదారులు వీటికి రంగులు నిర్ణయించుకున్నారు. ప్రైమరీ నలుపు. హైటెన్షను చివరలు ఎరుపు, మధ్య తీగ ఎరుపు మీద పసుపు చార. రెక్టిఫయరు చుట్ట పసుపు. హీటరు చుట్ట ఆకుపచ్చ, దాని మధ్య తీగ ఆకుపచ్చ మీద పసుపు చార.

ఈ రంగులు మన ఇళ్ళలో ప్రాణాంతకమైన పొరపాటుకు దారితీస్తాయి. మన పాత వైరింగులో ఎరుపంటే ఫేజు, నలుపంటే న్యూట్రలు, ఆకుపచ్చ అంటే ఎర్తు. ఆ అలవాటుతో ట్రాన్స్‌ఫార్మరును చూసినవాడు ఒక ఎర్ర తీగ, ఒక నల్ల తీగ పట్టుకుని మెయిన్సుకు తగిలించబోతాడు. ఆకుపచ్చవి రెండూ ఎర్తనుకుని ఛాసిస్‌కు బిగిస్తాడు. రెండు ఆకుపచ్చ తీగలనూ ఛాసిస్‌కు బిగించడమంటే హీటరు చుట్టను తెచ్చి దాని నోటికి దాన్నే కట్టడం. అది షార్టు సర్క్యూటు. చుట్ట మాడిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరు మీద రెండు నలుపులూ మెయిన్సువే, ఎరుపు ఫేజు కాదు, ఆకుపచ్చ ఎర్తు కాదు. ఇక మన ఊళ్ళలో చుట్టించుకున్న ట్రాన్స్‌ఫార్మర్లయితే చుట్టినాయన దగ్గర ఆ రోజు ఏ రంగు స్లీవులుంటే ఆ రంగులే. కాబట్టి రంగును నమ్మకుండా కొలిచి చూసుకోవడమే మంచిది.

ప్లగ్గుతో, మెయిన్సుతో సంబంధం లేకుండా బల్ల మీద పెట్టిన ట్రాన్స్‌ఫార్మరును ఓమ్ మీటరుతో కొలవడం మీరు కూడా చేయవచ్చు. ఏ రెండు తీగల మధ్య ముల్లు కదులుతుందో అవి ఒక చుట్టకు చెందినవి. అర కిలోమీటరు సన్న తీగ ఉన్న హైటెన్షను చుట్ట అన్నిటికంటే ఎక్కువ, మన లెక్కకు 400 ఓమ్‌లకు కాస్త తక్కువ చూపుతుంది. ప్రైమరీ పదుల ఓమ్‌లలో ఉంటుంది. హీటరు చుట్టలు ఒక ఓమ్ కూడా చూపవు. హైటెన్షను మధ్య తీగ నుంచి రెండు చివరలకూ కొలిస్తే ఒకవైపు 185, ఇంకోవైపు 200 ఓమ్‌లు రావచ్చు. మధ్య తీగ సరిగ్గా మధ్యలో లేదేమోనని కంగారుపడకండి. చుట్లు రెండువైపులా సమానమే. బయటి సగం, లోపలి సగం మీదుగా చుట్టబడింది కనుక దాని ఒక్కొక్క చుట్టూ కాస్త పొడవు. తీగ ఎక్కువ, నిరోధమూ ఎక్కువ. వోల్టేజి చుట్ల సంఖ్యను బట్టి వస్తుంది గాని తీగ పొడవును బట్టి రాదు.

చుక్క పెట్టిన చివర

విదేశాల నుంచి వచ్చే కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లలో ప్రైమరీలు రెండుంటాయి, ఒక్కొక్కటి 115 వోల్టులది. అక్కడ మెయిన్సు 120 వోల్టుల ప్రాంతంలో ఉంటుంది కనుక రెంటినీ పక్కపక్కగా కలుపుతారు. మన 230కి ఒకదాని వెనక ఒకటి కలపాలి. మొదటి చుట్ట చివరలు 1, 2. రెండో చుట్టవి 3, 4. రెండూ ఒకే దిక్కుగా చుట్టి ఉంటే 2ను 3తో కలిపి, మెయిన్సును 1, 4లకు ఇవ్వాలి. పొరపాటున 2ను 4తో కలిపి, 1, 3లకు ఇస్తే? మొదటి చుట్ట ఇనుమును ఒక దిక్కుకు అయస్కాంతం చేస్తుంటే, రెండోది అంతే బలంతో ఎదురు దిక్కుకు చేస్తుంది. అభివాహం సున్న. మన కాపలాదారు, ఆ ఎదురు వోల్టేజి, పుట్టనే పుట్టదు! మిగిలేది రాగి నిరోధం ఒక్కటే. అదృష్టం ఉంటే ఫ్యూజు పోతుంది. లేకపోతే ట్రాన్స్‌ఫార్మరు పోతుంది.

అందుకే చుట్టల మీద ఒకే దిక్కు చివరలను చుక్కతో గుర్తిస్తారు. చుక్కలు లేకపోతే? ఫారడే ప్రయోగమే చేయాలి. ఒక టార్చి సెల్లు, ముల్లున్న వోల్టు మీటరు చాలు. మీటరును 2.5 వోల్టుల రేంజిలో పెట్టి ఒక ప్రైమరీకి తగిలించండి. రెండో ప్రైమరీకి సెల్లును తాకించండి. తాకించిన క్షణంలో ముల్లు ముందుకు ఎగిరితే, సెల్లు ధన ధ్రువం తాకిన చివర, మీటరు ధన తీగ ఉన్న చివర ఒకే దిక్కువి. రెంటికీ చుక్క పెట్టండి. ముల్లు వెనక్కి కొట్టుకుంటే మీటరు తీగలు తారుమారు చేసి మళ్ళీ చూడండి. సెల్లు తీసేటప్పుడు ముల్లు ఎదురు దిక్కుకు కదులుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఈ ప్రయోగం నాకు ఎనిమిదో తరగతిలో మరపురాని పాఠం చెప్పింది. మా స్నేహితుడు సెల్లు తాకిస్తూ తీస్తూ ఉంటే, నేను మీటరు వైపు చూస్తూ ఖాళీగా ఉన్న రెండు ఎర్ర తీగలను రెండు చేతుల్లో పట్టుకున్నాను. వాడు సెల్లు తీసిన క్షణంలో నేను బల్ల మీది నుంచి ఎగిరి కింద పడ్డాను. ఒకటిన్నర వోల్టుల సెల్లు షాకు కొట్టడమేమిటని ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. కరెంటును తటాలున తెంచితే అభివాహం ఒక్కసారిగా కూలిపోతుంది. ఎంత వేగంగా కూలితే అంత వోల్టేజి. దానికి తోడు ఆ ఎర్ర తీగల మధ్య 2500 చుట్లున్నాయి. ఆ క్షణంలో వందల వోల్టులు పుట్టి ఉంటాయి. కనుక మీరు చేసేటప్పుడు వాడని తీగల చివరలన్నీ విడివిడిగా టేపు చుట్టి ఉంచండి. సెల్లు తాకించే తీగను కూడా ప్లాస్టిక్ తొడుగు మీదనే పట్టుకోండి.

మొదటిసారి స్విచ్చి వేసేటప్పుడు

ఇక్కడి నుంచి చెప్పేది చూసి నేర్చుకోవడానికే. మెయిన్సు తగిలించే పని తెలిసిన పెద్దవాళ్ళే చేయాలి.

ఫేజు తీగ ముందు ఫ్యూజుకు, దాని నుంచి స్విచ్చికి, అక్కడి నుంచి ప్రైమరీ ఒక చివరకు పోవాలి. న్యూట్రలు రెండో చివరకు. మూడో తీగ, అంటే ఎర్తు, ఛాసిస్‌కు విడిగా ఒక బోల్టుతో గట్టిగా బిగించాలి. లోపల ఏ తీగ ఊడి ఛాసిస్‌ను తాకినా ఫ్యూజు పోయి మనిషి బతికేది ఈ ఎర్తు వల్లనే. వాల్వులు, సౌండు, నష్టాలు అన్నీ కలిపి ఈ ట్రాన్స్‌ఫార్మరు మీద బరువు 45 వాట్ల ప్రాంతంలో ఉంటుంది. 230తో భాగిస్తే 0.2 ఆంపియరు. కాబట్టి అర ఆంపియరు ఫ్యూజు, అదీ నిదానంగా కరిగే రకం వేస్తారు. ఇంతా చేస్తే స్పీకరుకు చేరే ధ్వని శక్తి ఐదారు వాట్లు! మిగిలినదంతా వేడే.

అనుభవం ఉన్నవాళ్ళు మొదటిసారి తిన్నగా మెయిన్సు ఇవ్వరు. ఫేజు తీగ మధ్యలో ఒక 60 వాట్ల పాత రకం బల్బును వరుసగా పెడతారు. అంతా సవ్యంగా ఉంటే బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారుతుంది. ఎక్కడైనా షార్టు ఉంటే అది పూర్తి కాంతితో వెలుగుతుంది. అంటే ట్రాన్స్‌ఫార్మరు కాలవలసిన కరెంటును అదే ఆపిందన్నమాట. దీనికి ఫిలమెంటు బల్బే కావాలి. ఇప్పుడు ఇళ్ళల్లో ఉన్న ఎల్.ఇ.డి. బల్బులు ఈ పనికి రావు. ముందు వాల్వులు లేకుండా చుట్టల వోల్టేజీలు చూసుకుని, తరువాత ఒక్కొక్క వాల్వూ పెడతారు.

కెపాసిటర్ల దగ్గర ఇంకో మెలిక ఉంది. మనకు కావలసింది 250 వోల్టులే అని 350 వోల్టుల కెపాసిటరు పెడితే సరిపోతుందనిపిస్తుంది. కానీ 250 అనేది సగటు లాంటి లెక్క. ఊపులో శిఖరం దానికి 1.414 రెట్లు, అంటే 353 వోల్టులు. 5 వై 3 కొద్ది సెకన్లలోనే వేడెక్కి పని మొదలుపెడుతుంది. ఇ.ఎల్. 84 కాథోడ్ వేడెక్కడానికి అంతకంటే ఎక్కువసేపు పడుతుంది. ఆ మధ్య కాలంలో కరెంటు తాగేవాడెవడూ లేక కెపాసిటరు మీద నిండా 350 వోల్టులు చేరతాయి. మెయిన్సు కాస్త ఎక్కువగా ఉన్న రోజైతే ఇంకా ఎక్కువ. అందుకే 450 వోల్టుల కెపాసిటరు వాడతారు. మొదటిది 20 మైక్రోఫారడ్లు, ఒక చోక్ తరువాత రెండోది 32 అనుకుందాం.

ఈ రెండూ కలిసి 350 వోల్టుల దగ్గర 3 జౌళ్ళకు పైగా శక్తిని దాచుకుంటాయి. కిలో బరువును అడుగెత్తు లేపగల శక్తి. ఇది ప్లగ్గు పీకినా పోదు! ఆంప్లిఫయరు ఆపేశాం గదా అని చెయ్యి పెట్టినవాళ్ళను పట్టుకునేది ఇదే. దీన్ని ఖాళీ చేయడానికి కెపాసిటరుకు అడ్డంగా 220 కిలో ఓమ్‌ల, 2 వాట్ల రెసిస్టరును శాశ్వతంగా కట్టి ఉంచుతారు. 52 మైక్రోఫారడ్లను 220 కిలో ఓమ్‌లతో గుణిస్తే 11 సెకన్లు వస్తుంది. ప్రతి 11 సెకన్లకూ వోల్టేజి మూడో వంతుకు కాస్త పైన మిగులుతుంది. 350 కాస్తా 129, ఆ తరువాత 47, ఆ తరువాత 17. ఒక నిమిషం ఆగితే ఏమీ మిగలదు. అయినా ఆ రెసిస్టరే తెగిపోయి ఉంటే? అందుకని చెయ్యి పెట్టే ముందు మీటరుతో కొలిచి చూస్తారు.

గుయ్ మనే శబ్దం

అంతా కట్టి స్విచ్చి వేశాక స్పీకరులో సన్నగా గుయ్ మని వినిపిస్తుందనుకోండి. అది ఎక్కడి నుంచి వస్తోందో చెవితోనే కనిపెట్టవచ్చు. హీటరు తీగల నుంచి వచ్చే మోత సెకనుకు 50 కంపనాలది. హైటెన్షను సరిగా చదును కాకపోతే వచ్చేది 100 కంపనాలది, రెండు రోకళ్ళ దెబ్బలు గుర్తున్నాయి గదా! సంగీతం నేర్చుకునే పిల్లలకు తెలిసే ఉంటుంది, రెట్టింపు కంపనాలంటే కింది షడ్జమానికి పై షడ్జమం. మోత కింది షడ్జమంలో ఉంటే హీటరు తీగలు రెంటినీ ఒకదానితో ఒకటి మెలివేసి ఛాసిస్ అంచు వెంట తీసుకుపోవాలి, 6.3 చుట్ట మధ్య తీగను ఛాసిస్‌కు కలపాలి. అప్పుడు ఒక తీగ చేసే అల్లరిని రెండో తీగ అణచేస్తుంది. పై షడ్జమంలో ఉంటే కెపాసిటర్లను చూడాలి.

ఒక్కోసారి స్పీకరు తీసేసినా పెట్టె దానంతటదే మూలుగుతుంది. అది కూడా 100 కంపనాలే. ఇనుము అయస్కాంతమైనప్పుడల్లా దాని పొడవు కంటికి కనిపించనంత కొద్దిగా మారుతుంది. ఒక్కొక్క ఊపులో అది రెండుసార్లు, ఉత్తర దిక్కుగా ఒకసారి, దక్షిణ దిక్కుగా ఒకసారి అయస్కాంతమవుతుంది. కోరు రేకుల మరలు వదులుగా ఉంటే ఈ కదలిక మూలుగై వినిపిస్తుంది. ఈ రాత్రి ఊరు సద్దుమణిగాక మీ వీధి చివర స్తంభాల మీదున్న ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా నిలబడి చెవి ఒగ్గి వినండి. అది పాడేదీ అదే శ్రుతి.